తర్వాతి మజిలీ తెలిస్తే చాలు

గౌహతిలో ఎవరో రాజమండ్రికి ఉత్తరం రాసి, పిన్ కోడ్ 533101 వేసి పోస్టు డబ్బాలో పడేశారనుకుందాం. అక్కడ ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి రాజమండ్రి వీధులు తెలియనక్కర్లేదు. మొదటి అంకె 5 కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు పోయే సంచిలో వెయ్యాలని తెలిస్తే చాలు. ఉత్తరం దగ్గరికి వచ్చేకొద్దీ మరిన్ని అంకెలతో పని పడుతుంది. చివరి మూడంకెల అవసరం 533 పరిధిలోకి చేరాకే.

ఇంటర్నెట్‌లో రూటర్ చేసే పని అచ్చంగా ఇదే. ఫోన్‌లో మనం చూసే వీడియో చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వస్తుంది. ప్రతి ప్యాకెట్ మీదా గమ్యం చిరునామా ఉంటుంది. అది ఏయే ఊళ్ల మీదుగా వెళ్లాలో దారిలోని ఏ రూటరూ మొదటినుంచి చివరిదాకా నిర్ణయించదు. ఈ చిరునామా అయితే పక్కనున్న ఫలానా రూటరుకు అందించాలి అన్నంతవరకే దాని బాధ్యత. ఆ వివరం రాసిపెట్టుకున్న పట్టికే రూటింగ్ టేబుల్.

మన ఇంటి వైఫై రూటర్‌లో ఈ పట్టిక చాలా చిన్నది. ముఖ్యమైన వరుసలు రెండే. 192.168.1తో మొదలయ్యే చిరునామా ఇంట్లోదే, నేరుగా ఇచ్చెయ్ అని ఒకటి. మిగతావన్నీ ఇంటర్నెట్ కంపెనీ రూటరుకు పంపెయ్ అని రెండోది. ఈ రెండోదాన్ని డిఫాల్ట్ రూట్ అంటారు, పట్టికలో 0.0.0.0/0 అని రాస్తారు. కానీ పెద్ద పెద్ద నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిసే చోట ‘మిగతావన్నీ ఆయనకిచ్చెయ్’ అంటే కుదరదు. ఆ ‘ఆయన’ అక్కడ ఎవరూ లేరు. అందుకే అక్కడి రూటర్లు ప్రపంచంలోని దారులన్నీ దగ్గరుంచుకోవాలి. నేడు ఆ పట్టికలో ఐపీవీ4 వరుసలే పది లక్షలకు అటూఇటుగా ఉన్నాయి.

ఐపీవీ4 చిరునామా అంటే 32 బిట్లు, అంటే దాదాపు 430 కోట్ల చిరునామాలు. ఒక్కోదానికి ఒక్కో వరుస రాయడం అయ్యే పని కాదు. అందుకని చిరునామా ముందు భాగాన్ని మాత్రమే రాస్తారు. దీన్నే ప్రిఫిక్స్ అంటారు. 208.65.152.0/22 అని ఉంటే మొదటి 22 బిట్లు కలిస్తే చాలని అర్థం. మిగిలిన పది బిట్లు ఎలా ఉన్నా సరే, మొత్తం 1,024 చిరునామాలు ఆ ఒక్క వరుస కిందికి వస్తాయి. అయితే ఒకే చిరునామా రెండు మూడు వరుసలతో కలిసే అవకాశం ఉంది. అప్పుడు ఎక్కువ బిట్లు కలిసిన వరుసదే గెలుపు. డిఫాల్ట్ రూట్ పక్కన ఉన్నది సున్నా కాబట్టి అది అన్నింటితోనూ కలుస్తుంది, అన్నింటి చేతిలోనూ ఓడిపోతుంది. ఇంత చిన్న నియమం మీద ఇంత పెద్ద వ్యవస్థ నిలబడి ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

సరైన వరుసను వెతకడానికి దొరికే సమయమూ తక్కువే. సెకనుకు 100 గిగాబిట్ల తీగ మీద అతి చిన్న ప్యాకెట్లు వరసగా వస్తే, సెకనుకు 14 కోట్ల 88 లక్షల దాకా వస్తాయి. పట్టికను పైనుంచి కిందికి చదివే తీరిక ఎక్కడిది? అందుకే చాలా పెద్ద రూటర్లలో టీక్యామ్ అనే ప్రత్యేక మెమరీ వాడతారు. అది అన్ని వరుసలనూ ఒకేసారి పోల్చి చూస్తుంది. ఖరీదైనది కాబట్టి అందులో చోటు పరిమితం. 2014 ఆగస్టు 12న ప్రపంచ పట్టిక 5.12 లక్షల వరుసలు దాటినప్పుడు, అంతకు మించి చోటు లేని పాత రూటర్లు తడబడ్డాయి, చాలా చోట్ల నెట్ మందగించింది.

మరి ఈ వరుసలను ఎవరు నింపుతారు? పొరుగు నెట్‌వర్కులే. ‘ఈ ప్రిఫిక్స్‌కు నా మీదుగా వెళ్లొచ్చు’ అని ఒకటి చెబితే, పక్కది విని పట్టికలో రాసుకుని తన పక్కవాటికి చెబుతుంది. ఈ మాటల పద్ధతి పేరు బీజీపీ. 1989లో కర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్టర్ భోజనాల బల్ల దగ్గర కాగితపు రుమాళ్ల మీద దీని తొలి రూపం గీశారు. అప్పట్లో నెట్‌వర్కులు కొద్ది, మనుషులకు ఒకరితో ఒకరికి పరిచయం. చెప్పినమాట నిజమేనా అని నిలదీసే ఏర్పాటు అందులో పెట్టలేదు.

ఆ లోటు ఏం చేయగలదో 2008 ఫిబ్రవరి 24న బయటపడింది. యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపాలన్న ప్రభుత్వ ఆదేశం మేరకు పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 అనే దారిని తన నెట్‌వర్క్‌లో పెట్టింది. అటువైపు వచ్చిన ప్యాకెట్లను పారేయడమే ఉద్దేశం. కానీ ఆ ప్రకటన గడప దాటి హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూకు చేరింది. ఆ సంస్థ వడపోయకుండా ప్రపంచానికి చాటింది. యూట్యూబ్ సొంత ప్రకటన /22. కొత్తగా వచ్చినది /24. ఎక్కువ బిట్లు కలిసిన వరుసదే గెలుపు కదా! నిమిషాల్లోనే దేశదేశాల రూటర్లు యూట్యూబ్‌కు పోవాల్సిన ప్యాకెట్లను పాకిస్తాన్ వైపు మళ్లించాయి. ఏ రూటరూ పొరపాటు చేయలేదు. ప్రతిదీ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

యూట్యూబ్ ఇంజినీర్లు అదే నియమంతో బదులిచ్చారు. మొదట తామూ /24 ప్రకటించారు. బిట్లు సమానం కావడంతో కొన్ని నెట్‌వర్కులే తిరిగొచ్చాయి. తర్వాత దాన్నే రెండు ముక్కలు చేసి /25లుగా ప్రకటించారు. ఆ ప్రకటనలు చేరిన చోటల్లా ప్యాకెట్లు దారికొచ్చాయి. పీసీసీడబ్ల్యూ తప్పుడు దారిని ఉపసంహరించేసరికి, మొదలైన దగ్గర్నుంచి రెండు గంటలు దాటింది.

ఏ ప్రిఫిక్స్‌ను ప్రకటించే హక్కు ఏ నెట్‌వర్కుదో డిజిటల్ సంతకంతో రుజువు చేసే ఆర్‌పీకేఐ అనే ఏర్పాటు ఇప్పుడు ఉంది. కానీ దాన్ని వాడాలో వద్దో ప్రతి సంస్థా విడిగా తేల్చుకుంటోంది. ఇంటర్నెట్ సేవలు అమ్మే ప్రతి సంస్థా దీన్ని తప్పనిసరిగా పాటించాలన్నది నా అభిప్రాయం.

ఇలాంటి పట్టిక మీ కంప్యూటర్‌లోనూ ఉంది. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రూట్, ప్రింట్ అనే రెండు ఇంగ్లీషు మాటలను మధ్యలో ఖాళీ ఉంచి టైప్ చేయండి. నెట్ ఉంటే ఐపీవీ4 పట్టిక మొదట్లో 0.0.0.0 కనిపిస్తుంది. అదే వరుసలో గేట్‌వే అన్న శీర్షిక కింద ఉండేది మామూలుగా మీ ఇంటి రూటర్ చిరునామా.