గ్రామఫోను రికార్డులు – సూచనాధర్మము

సంగీతప్రియులు తమకు నచ్చిన గ్రామఫోను రికార్డులను మిత్రులకు వినిపించుటయు, తప్పక వినుఁడని సూచించుటయు లోకమున సర్వసాధారణము. పూర్వము ప్లేటును జేతికిచ్చెడివారు. నేఁడు సెల్‌ఫోనునఁ బంపుచున్నారు. సాధనము మాఱినను వాక్యము మాఱలేదు: “అద్భుతముగా నున్నది, వినుఁడు.” ఇట్టి వాక్యమువలన వినువానికిఁ గలుగు లాభ మత్యల్పము. ఒక గ్రంథమునకు వ్రాఁతప్రతిని సూచించు పండితుఁడు అది యే లిపిలో నున్నదో, ఎన్ని పత్రములు గలదో, ఎక్కడ శిథిలమైనదో, ఏ పాఠమును జూపుచున్నదో చెప్పును గాని, బాగుగ నున్నదని చెప్పి యూరకుండఁడు. గానమును సూచించువాఁడును అంతటి శ్రద్ధ వహింపవలెనని నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట రికార్డనునది యెట్టి సాక్షియో విచారింతము. ఎడిసను 1877లో ఫోనోగ్రాఫును, బెర్లినరు 1887లో గ్రామఫోనును గనిపెట్టిరి. 1902 నవంబరులో కలకత్తానగరమున గౌహర్ జాన్ గానము ముద్రింపఁబడినది. త్యాగరాజస్వామివారు 1847లోనే సిద్ధిఁ బొందిరి. కావున వారి కంఠధ్వనిని వినుభాగ్యము మనకు లేదు. మనము వినుచున్నదెల్ల శిష్యపరంపరలచే వచ్చిన పాఠాంతరమే. ఉదాహరణమునకు అరియకుడి రామానుజయ్యంగారి (1890–1967) రికార్డును గైకొందము. ఆయన గురువు పూచి శ్రీనివాసయ్యంగారు. శ్రీనివాసయ్యంగారి గురువు పట్నం సుబ్రహ్మణ్యయ్యరు. సుబ్రహ్మణ్యయ్యరు గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. ఈ వేంకటసుబ్బయ్య త్యాగరాజశిష్యుఁడు. ఈ పరంపరను జెప్పక కీర్తనపేరు మాత్రము చెప్పుట, ప్రతి యెక్కడిదో చెప్పక గ్రంథనామము మాత్రము చెప్పుటవంటిది.

రెండవది, ఆ సాక్షికి మాటలాడుట కెంత యవకాశ మీయఁబడినదో తెలియవలెను. లక్కతోఁ జేసిన పదియంగుళముల ప్లేటు ఒక్కొక్కవైపున సుమారు మూఁడునిమిషములు పాడును. పండ్రెండంగుళములదానికి నాలుగునిమిషములకుఁ గొంచెము మీఱిన కాలము గలదు. సభలో నరగంట విస్తరింపఁదగిన కీర్తన యింతలో నిముడవలసి యుండుటచే నెరవులు, కల్పనస్వరములు తఱచుగా విడువఁబడెను, సంగతులు తగ్గింపఁబడెను, కాలము త్వరపఱుపఁబడెను. 1925లో విద్యున్ముద్రణము వచ్చువఱకు గాయకులు బూరవంటి గొట్టములోనికిఁ బాడవలసివచ్చెడిది. మృదుధ్వని గల వీణాదులకు అది మిక్కిలి ప్రతికూలము. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు ఒక్కొక్కవైపున ఇరువదినిమిషములకుఁ బైగాఁ బాడఁగలిగినది. కావునఁ బాతప్లేటును బట్టి త్వరగాఁ బాడినాఁడని గాయకుని నిందించుటయు, అదియే యాతని శైలి యని మెచ్చుటయు రెండును దోషములే.

ప్రతులలో లేఖకదోష మెట్టిదో రికార్డులలో వేగదోష మట్టిది. పాతప్లేటులన్నియు నిమిషమునకు 78 తిరుగుళ్ల వేగముననే ముద్రింపఁబడినవి కావు. 74 చొప్పున ముద్రించినదానిని 78 చొప్పునఁ ద్రిప్పినచో శ్రుతి యించుమించుగ నొక స్వరస్థానము హెచ్చును, 180 సెకండ్ల గానము 171 సెకండ్లలో ముగియును, గంభీరకంఠము పలుచనగును. లేఖకుని తప్పును గవిపై మోపుట యెంత యన్యాయమో, యంత్రదోషమును గాయకునిపై మోపుటయు నంతయే యన్యాయము.

మూఁడవది ముఖ్యమైనది. మహాభాష్యమునఁ బస్పశాహ్నికమునందు లక్ష్యలక్షణములు రెండును గూడియే వ్యాకరణమని సిద్ధాంతింపఁబడినది. శబ్దము లక్ష్యము, సూత్రము లక్షణము. సంగీతమున రాగలక్షణగ్రంథము సూత్రస్థానీయము, రికార్డు లక్ష్యస్థానీయము. ఈ రెండును భేదించినచో నేమి చేయవలెను? ఆభేరిరాగమును జూడుఁడు. 1904లో ఎట్టయపురమునఁ దెలుఁగులో వెలువడిన సుబ్బరామదీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శిని ననుసరించి ఆభేరికి శుద్ధధైవతము. నేఁటి సభలలో “నగుమోము” కీర్తన యీ రాగముపేరనే చతుశ్శ్రుతిధైవతముతోఁ బాడఁబడుచున్నది. ముసిరి సుబ్రహ్మణ్యయ్యరు (1899–1975) గానము ఆ కీర్తనకు విశేషప్రచారమును గలిగించినది. గ్రంథమును బట్టి యీ గానము నపశబ్ద మనుట సాహసము. గానమును బట్టి గ్రంథమును దిరస్కరించుట యంతకంటె సాహసము. శిష్టప్రయోగమున రెండు రూపములు గనఁబడినచోటఁ బాణిని వికల్పమును విధించెనే కాని, యొకదానిని మాపివేయలేదు.

మునిత్రయమున నుత్తరోత్తరునకే ప్రామాణ్య మధికము గదా, నేఁటి గానమే ప్రమాణ మేల కాదు అని కొందఱడుగవచ్చును. పతంజలి ప్రమాణమగుట కడపట వచ్చుటచేతఁ గాదు. పాణినికాత్యాయనులను సమగ్రముగా విచారించుటచేత. పూర్వగానమును వినని యుత్తరగానమునకు ఆ యధికారము సంక్రమింపదు.

కావున సిద్ధాంత మిది: ఒక్క రికార్డును సూచింపరాదు, రెంటిని జతగా సూచింపవలెను. ఒక్కటియే విన్నవానికి అది సూత్రమైపోవును. రెండు విన్నవానికి భేదము తెలియును. భేదము తెలిసినవాఁడే కారణము నడుగును.

ఇట్టి జతలఁ గొన్నిటిని జూపుచున్నాను. నాగస్వరమునఁ దోడిరాగమునకుఁ బేరెన్నికగన్న టి. ఎన్. రాజరత్నంపిళ్ల (1898–1956) రికార్డును, నేఁటి ప్రకాశంజిల్లాలోని కరవదిలోఁ బుట్టి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) రికార్డును వెంటవెంట వినుఁడు. ఆలాపన యెచ్చటఁ బెరుగుచున్నదో, యెచ్చట నిలుచుచున్నదో గమనింపుఁడు. ఫిడేలున ద్వారం వేంకటస్వామినాయుఁడుగారు (1893–1964) మొదటివారు. వీరు 1919లో స్థాపితమైన విజయనగర సంగీతకళాశాలలో అధ్యాపకులై, 1936లో దాని కధ్యక్షులైరి. వీరి కమాను దీర్ఘముగను బలముగను సాగును. దీనికి జత, త్యాగరాజశిష్యుఁడగు లాల్గుడి రామయ్యరు వంశమునఁ బుట్టిన లాల్గుడి జయరామన్ (1930–2013) వాద్యము; ఆయన కమాను గాయకుని కంఠము ననుసరించును. గాత్రమున జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యము (1910–1965) త్వరితసంచారములకును, ఎం. డి. రామనాథన్ (1923–1984) విలంబకాలమునకును బ్రసిద్ధులు. కల్యాణిని వీరిరువురి నోటను విన్నవానికిఁ గాలము మాఱినను రాగము మాఱదనియు, దాని ఛాయ మాత్రము మాఱుననియు బోధపడును.

తెలుఁగువారికి మఱియొక ఋణము గలదు. క్షేత్రయ్య పదములు తమిళదేశమున వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబమునఁ గంఠస్థముగా నిలిచినవి. ధనమ్మాళ్ వీణారికార్డులను, ఆమె మనుమరాండ్రగు బృందాముక్తలు పాడిన పదములను జతపఱచి వినవలెను. ఒకటి మాట లేని నాదము. ఒకటి నాదమునఁ గరఁగిన మాట. తమిళలిపిలో సరళపరుషములకు వేర్వేఱు వర్ణములు లేవు, మహాప్రాణములకు నంతియే. కావునఁ దమిళగాయకుల యుచ్చారణమున నొక్కొకచోఁ దెలుఁగువర్ణములు తాఱుమాఱగుట గలదు. తాళమునకై పదము నడుమ విఱుగుటయుఁ గలదు. వైయాకరణుని చెవి కిది ములుకువలె నుండును. అయినను దోషము నెన్నుటకు ముందు ఆ సంపదను గాపాడినవారు వారే యని స్మరింపవలెను. సాహిత్యపుస్తకమును ముందుంచుకొని వినుఁడని చెప్పుటయు సూచించువాని ధర్మమే.

లక్కప్లేటు మిక్కిలి పెళుసు. చేయి జాఱిన ముక్కలగును. సూచింపఁబడినది వినఁబడును, వినఁబడినది నకలు చేయఁబడును, నకలు చేయఁబడినది నిలుచును. తక్కినది యెవరికిని దెలియకయే నశించును. తాటాకులలో నుండి యెవ్వరును బేర్కొనని గ్రంథములు పురుగులపాలగుట మన మెఱిఁగినదే. కావున సూచన కేవలవినోదము గాదు, అదియు నొకవిధమగు గ్రంథరక్షణమే. రికార్డును బంపువారు పాడినవారి పేరు, గురుపరంపర, రాగము, వాగ్గేయకారుఁడు, సభలోనిదో ప్లేటుపైదో యను వివరము, ఎచ్చటఁ జెవి యొగ్గవలెనో యను సూచన – ఈ యాఱింటిని రెండు పంక్తులలో వ్రాసి, దానితో భేదించు రెండవదానిని జేర్చి పంపుదురుగాక. అట్టి రెండు పంక్తులు వంద ప్రశంసలకంటె నుపయోగకరములు.