సంధిబంధనాల మరమ్మతు - వయస్సు ప్రభావము

సంధిబంధనము లేదా లిగమెంటు అనగా కీలు వద్ద ఒక ఎముకను మరొక ఎముకకు కట్టి ఉంచే గట్టి పీచు కణజాలము. కండరాన్ని ఎముకకు కలిపేది టెండాను. వాడుకలో ఈ రెంటినీ "నరాలు" అనేస్తారు గానీ, నాడులతోగాని, రక్తనాళాలతోగాని పోల్చదగినవి కావు. వయస్సు పెరిగేకొద్దీ గాయపడిన లిగమెంటు మానే వేగము, మానిన తరువాత దాని నాణ్యత రెండూ తగ్గుతాయి.

గాయము మానే విధము

లిగమెంటులో మూడింట రెండు వంతులు నీరే. మిగిలిన దానిలో అధిక భాగము కొల్లాజెన్ అనే మాంసకృత్తు. దీనిని తయారుచేసేవి పోగుల నడుమ పలుచగా ఉండే ఫైబ్రోబ్లాస్టు కణాలు. లిగమెంటు తెగినచోట మొదట రక్తము గడ్డకట్టి వాపు వస్తుంది. తరువాత కణాలు అక్కడికి చేరి, విభజన చెంది, కొత్త కొల్లాజెన్ అల్లుతాయి. ఆ అల్లిక సర్దుకోవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. అప్పటికీ మిగిలేది మచ్చ కణజాలమే, అసలు దానంత బలమైనది కాదు. మోకాలి లోపలి ముందు క్రూసియేట్ లిగమెంటుది మరీ కష్టము. కీలు ద్రవములో తడుస్తూ ఉండటము వలన అక్కడ రక్తపు గడ్డ నిలవదు, కనుక కణాలు పాకి రావడానికి ఆధారమే ఉండదు.

వయస్సుతో వచ్చే మార్పులు

మానవ ఫైబ్రోబ్లాస్టులు ప్రయోగశాలలో సుమారు 40 నుండి 60 సార్లు మాత్రమే విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపించారు. శరీరములోనూ అటువంటి అలసిన కణాలు వయస్సుతో పోగవుతాయి. అవి ఊరకనే ఉండక, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను, వాపును పెంచే పదార్థాలను స్రవిస్తాయి. మరొక వైపు చక్కెర అణువులు కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డ బంధాలు వేసి వాటిని పెళుసుగా చేస్తాయి. మధుమేహములో ఇది త్వరపడుతుంది.

1991లో సావియో వూ బృందము మరణించినవారి మోకాళ్ళను పరీక్షించగా, 22-35 ఏళ్ళవారి ముందు క్రూసియేట్ లిగమెంటు సగటున 2160 న్యూటన్ల బలానికి తెగినది, 60 దాటినవారిది 658 న్యూటన్లకే తెగినది. అయితే క్షీణత ముసలితనములోనే మొదలవుతుందనుకోరాదు. 2010లో బోస్టను పరిశోధకులు పందులలో ఈ లిగమెంటును కోసి, తిరిగి కుట్టి చూడగా, ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలలో అది పెద్దవాటికన్నా బాగా మానినది.

పూర్తి విశ్రాంతి కూడా మేలు చేయదు. ఎనిమిది వారాలు కదలకుండా కట్టివేసిన కోతులలో లిగమెంటు బలము బాగా తగ్గి, తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టినది. ఈ కణాలు లాగుడును గుర్తించి పనిచేసేవి. అందుచేత వైద్యుని సలహాపై క్రమముగా బరువు మోపడము పెద్దవారికి మరింత అవసరము.

నల్గొండ ప్రాంతము - ఫ్లోరోసిస్

బిగుసుకున్న లిగమెంట్లన్నీ వయస్సు వలననే బిగుసుకోవు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలతో కూడిన ఉమ్మడి నల్గొండ జిల్లా (2016లో విభజింపబడినది) ఇందుకు ఉదాహరణ. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి శరీరములో చేరితే ఎముకలు గట్టిపడటమే కాక, లిగమెంట్లలో సున్నము పేరుకుంటుంది. వెన్ను వంగదు, మెడ తిరగదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే కోదాడ, మిర్యాలగూడ వైపు కన్నా, బోరు నీటినే నమ్ముకున్న మర్రిగూడ, మునుగోడు వైపు ఈ బాధ ఎక్కువగా కనిపించినది.

నడివయస్కుడు నడుము వంచలేకపోతే "వయసు మీద పడింది" అని ఇంటివారు సరిపెట్టుకోవడము సహజమే. కాని వయస్సు వలన వచ్చే బిగువులో లిగమెంటు ఈ విధముగా ఎముకగా మారదు. ఫ్లోరోసిస్‌లో ముంజేతి రెండు ఎముకల నడుమ పొర కూడా గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. గుర్తించడానికి ఇది మంచి ఆధారము. అలా పేరుకున్న సున్నమును తొలగించే మందు లేదు, నీటిని మార్చడమే మార్గము. పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరులతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినది. దానికి "నల్గొండ పద్ధతి" అనే పేరు ఈ జిల్లా వలననే వచ్చినది.