తూకం తప్పితే... తంటానే!

పొడవాటి కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టే ఆట చిన్నప్పుడు ఆడనివాళ్లుండరు. కర్ర ముందుకు ఒరిగితే చేతిని చటుక్కున ముందుకు జరపాలి. వెనక్కి వాలితే వెనక్కి లాగాలి. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైందా... కర్ర కిందపడ్డట్టే! తమంతట తామే తూకం నిలుపుకొనే ఎలక్ట్రిక్ బోర్డులు చేసేదీ సరిగ్గా ఇదే. ఇక్కడ కర్ర మనిషైతే, చెయ్యి మోటారు.

ఈ తరహా వాహనాలకు పెద్దన్న సెగ్వే. అమెరికాకు చెందిన డీన్ కామెన్ దీన్ని 2001 డిసెంబరులో ప్రపంచానికి చూపించాడు. పైన నిలబడ్డ మనిషి కాస్త ముందుకు వంగితే చాలు... లోపలున్న జైరోస్కోపులు పసిగడతాయి. వెంటనే మోటారు చక్రాలను ముందుకు ఉరికించి మనిషి పడకుండా కాస్తుంది. మనిషి వంగుతూనే ఉంటాడు, బోర్డు పరుగెడుతూనే ఉంటుంది. దాని వేగం గంటకు 20 కిలోమీటర్లు. 2015 నాటికి పిల్లల్ని ఊపేసిన రెండు చక్రాల హోవర్‌బోర్డుల్లో చాలావాటి వేగం గంటకు 10 నుంచి 16 కిలోమీటర్ల మధ్యే. పలక మధ్యలో ఒకే ఒక్క లావుపాటి చక్రం ఉండే వన్‌వీల్ జీటీ మాత్రం 32 దాకా వెళ్తుంది.

మరి ఇంకా వేగంగా ఎందుకు పోనివ్వరు? శక్తిమంతమైన మోటారు పెడితే సరిపోదా?

అక్కడే ఉంది అసలు కిటుకు. మోటారు వేగం పెరిగేకొద్దీ అందులోనే ఎదురు కరెంటు ఒత్తిడి పుట్టి, బ్యాటరీ ఇచ్చే ఒత్తిడికి అడ్డుపడుతుంది. దాంతో తోసే బలం తగ్గిపోతూ వస్తుంది. కారు గరిష్ఠ వేగాన్ని అందుకుంటే నష్టమేమీ లేదు... అంతకుమించి పోదు, అంతే. కానీ ఈ బోర్డుల్లో పరుగు పెట్టించేదీ, నిలబెట్టేదీ ఒకే మోటారు. ఉన్న బలమంతా వేగానికే ఖర్చయితే మనిషిని కాసేందుకు ఏమీ మిగలదు. అప్పుడు ఇంకాస్త ముందుకు వంగితే బోర్డు ముందుభాగం నేలను తాకుతుంది. మనిషి ఎగిరి ముందుకు పడతాడు.

అందుకే తయారీదారులు కొంత బలాన్ని అట్టేపెట్టి, వేగానికి హద్దు గీస్తారు. హద్దు దగ్గర పడగానే బోర్డు ముందుభాగం పైకి లేచి 'ఇక చాలు' అన్నట్టు వెనక్కి నెడుతుంది. దాన్ని లెక్కచేయకుండా వంగితేనే ప్రమాదం. పైగా ఆ హద్దు ఎప్పుడూ ఒకేచోట ఉండదు. మనిషి బరువు ఎక్కువైనా, ఎత్తు ఎక్కుతున్నా, ఛార్జి తగ్గినా కిందికి జారుతుంది. ఛార్జి తగ్గినప్పుడు నడిపేవాళ్లు పడిపోయే అవకాశం ఉందనే, 2003లో అప్పటిదాకా అమ్మిన సుమారు 6 వేల సెగ్వేలను సరిచేయడానికి వెనక్కి పిలిచారు.

వన్‌వీల్ విషయంలో మూల్యం ఇంకా పెద్దది. 2019-21 మధ్య నలుగురు చనిపోయినట్టు అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రకటించింది. నలుగురికీ తగిలింది తల దెబ్బే. వాళ్లలో కనీసం ముగ్గురికి హెల్మెట్ లేదు. చివరికి 2023 సెప్టెంబరులో దాదాపు 3 లక్షల బోర్డులకు రీకాల్ ప్రకటించారు. కొత్త మోడళ్లకు సాఫ్ట్‌వేర్ మార్చి, హద్దు దగ్గరపడితే కాళ్లకింద గుర్రుమని కంపించే హెచ్చరికను చేర్చారు. మరీ పాత మోడళ్లను వాడొద్దన్నారు.

పుట్టినరోజుకు పిల్లలు ఇలాంటి బోర్డు కావాలని మారాం చేస్తే... 'ఎంత స్పీడు పోతుంది?' అని షాపువాణ్ని ఒక్కసారి అడిగితే చాలు. 'హద్దు దాటబోతే ఎలా హెచ్చరిస్తుంది?' అని మాత్రం రెండుసార్లు అడగాలి. బోర్డుతోపాటే హెల్మెట్టూ కొనాలి. కర్ర కిందపడితే తీసి మళ్లీ నిలబెట్టొచ్చు. తల సంగతి అలా కాదుగా!