హార్బరు, పోర్టు: రెండు మాటలు, రెండు భావాలు

విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బర్ ఉన్నది, పోర్టు ఉన్నది. తెలుగులో రెండింటినీ మనము రేవు అనే అంటాము. మరి మరపడవలు నిలిచే చోటు హార్బరు, ఓడలు సరకు దించే చోటు పోర్టు ఎట్లా అయినవి? విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

హార్బరు అనే మాట పాత ఇంగ్లీషులో సేనలు తలదాచుకొనే విడిది అనే అర్థంతో పుట్టినది. అలలనుండి, గాలినుండి రక్షణగల నీటిభాగమే హార్బరు. పోర్టు లాటిన్ భాషనుండి వచ్చిన మాట. ఓడలు సరకును, ప్రయాణికులను ఎక్కించి దించే స్థలమని దాని భావము. అక్కడ బెర్తులు, గిడ్డంగులు, సుంకపు కచేరీ ఉండవలెను. అనగా హార్బరు నీటి గుణాన్ని చెప్పును. పోర్టు అక్కడ జరిగే పనిని చెప్పును.

ఒకటి లేకుండా రెండవది ఉండవచ్చును. డచ్చివారు వర్తకము చేసిన భీమునిపట్నం పోర్టే గాని, దానికి హార్బరు లేదు. ఓడలు దూరాన లంగరు వేయగా, పడవలు అలలను దాటి సరకును మోసేవి.

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ నైరుతి గాలికి అడ్డుగా నిలిచినది. దాని చాటున బురదనేలను త్రవ్వి లోపలి హార్బరు నిర్మించారు. ఇసుక మేటను ఆపుటకు రెండు పాత ఓడలను సముద్రంలో ముంచారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోనికి వచ్చినది. ఇక్కడ ముందు ఆశ్రయము, తరువాతనే వర్తకము. 1970 దశకంలో రాతికట్టలు వేసి వెలుపలి హార్బరు కట్టారు. ఫిషింగ్ హార్బర్ దాని ఒడిలోనే ఉన్నది.

రాతికట్ట చేసే మేలెంత? అల శక్తి దాని ఎత్తు యొక్క వర్గముననుసరించి ఉండును. వెలుపల 2 మీటర్ల అల లోపల అర మీటరుకు తగ్గినదనుకొందాము. ఎత్తు నాలుగవ వంతు, శక్తి మాత్రము పదహారవ వంతు!

ఫిషింగ్ హార్బరులో చేపల వేలము జరుగును, మంచు, డీజిలు దొరకును. ఇవన్నీ పోర్టు పనులే. అయినా బెస్తవారికి మొదట కావలసినది ఆశ్రయము. పేరు దానినే పట్టుకొన్నది. ఆ ఆశ్రయానికీ హద్దు కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరము దాటినప్పుడు హార్బరులోని పడవలు కూడా దెబ్బతిన్నవి.

కనుక తుపాను హెచ్చరిక విన్న నావికుడు దగ్గరలో పోర్టు ఉన్నదా అని గాక, హార్బరు ఉన్నదా అని అడుగవలెను. రెండు మాటల తేడా అతనికి నిఘంటువులోని విషయము కాదు, ప్రాణానికి సంబంధించినది.