పరీక్షకు పరీక్ష

అంబాజీపేట కొబ్బరి కొట్టులో గుమాస్తా కాయల లెక్క వ్రాయుచున్నాడనుకొందము. పద్దు సగము వ్రాసినంతలో వీధిలో లారీ హారను మ్రోగినది. అతడు ఆ పద్దును అట్లే విడిచి, అదే పుటలో లారీ లెక్క వ్రాయబూనినచో రెండును చెడును. తెలిసిన గుమాస్తా ప్రక్కనున్న పలకపై ఒక గీత గీసి, చేతిలోని పద్దు ముగించి, పిమ్మట లారీ సంగతి చూచును.

కంప్యూటరులోని పనులన్నిటిపై పెత్తనము వహించునది ఆపరేటింగ్ సిస్టమ్. యూనిక్స్, లినక్స్ వంటి వ్యవస్థలలో అది నడచుచున్న ప్రోగ్రామునకు అందించు ఆకస్మికమైన కబురునకు సిగ్నలని పేరు. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కినచో పోవునది 2వ సిగ్నలు. ప్రోగ్రాము దానిని స్వీకరించి తగిన ఏర్పాటు చేసికొనవచ్చును. 9వ సిగ్నలును ఏ ప్రోగ్రామును అడ్డుకొనజాలదు.

ఈ కబుర్లు సరిగా చేరుచున్నవా యని చూచుటకు పరీక్షా ప్రోగ్రాములు వ్రాయుదురు. వానిని మరియొకరు చదివి తప్పులు వెదకుదురు. పరీక్షకు మరల పరీక్ష యేల యని శ్రోతలు అడుగవచ్చును. తూకపురాయి తప్పైనచో నిండు సరకు తరుగుగను, తరుగు సరకు నిండుగను కనబడును గదా!

చదువువాడు మొదట చూడవలసినది, సిగ్నలు రాగానే నడచు భాగము ఏమి చేయుచున్నదనునది. అది పలకపై గీతవలె ఒక గుర్తును మాత్రము పెట్టి మరలిపోవలెను. అక్కడ ప్రింట్‌ఎఫ్ పిలిచినచో, అప్పటికే ప్రధాన భాగము సగము నింపియున్న పుటలో మరల వ్రాసినట్లగును.

రెండవది మరింత సూక్ష్మము. లారీ వచ్చినదా యని చూచి, రాలేదని గుమాస్తా పరుండబోవు నడిమి క్షణముననే హారను మ్రోగినచో? అతడు ఇక రాని పిలుపుకై నిదురించుచునే యుండును. ప్రోగ్రామును అట్లే నిలిచిపోవును. ఒక సెకను అదనముగ ఆగుట దీనికి మందు కాదు. యంత్రము మందగించిన నాడు ఆ సెకనును చాలదు. ముందుగా సిగ్నలును ఆపి యుంచి, గుర్తును చూచి, తలుపు తెరచుటయు నిదురించుటయు ఒకే క్రియగా జరిపించు సిగ్‌సస్పెండును వాడవలెను.

మూడవది లెక్క. ఆపియుంచిన కాలములో ఒకే సాధారణ సిగ్నలు మూడుమార్లు వచ్చినను, విడిచినపుడు ఒక్కటిగానే అందును. మూడును రాలేదని వ్యవస్థను నిందించు పరీక్షయే తప్పు.

తొలినాటి యూనిక్స్‌లో ఒకమారు పిలుపు అందగానే స్వీకరించు ఏర్పాటు రద్దగుచుండెను. 1983 నాటి బర్క్‌లీ యూనిక్స్ దీనిని చక్కదిద్దినది. 1988 నాటి పోజిక్స్ ప్రమాణము సిగ్‌యాక్షన్ అను నిలుకడగల పద్ధతిని నిర్ణయించినది. పాత పద్ధతి కనబడినచోట ప్రశ్నించుట చదువువాని విధి.

ఇట్టి దోషము వేయిమార్లు నడిపినను కనబడకపోవచ్చును. వేయిన్నొకటవమారు బయటపడినపుడు నింద మంచి వ్యవస్థపై పడును. నడిపి పట్టుకొనజాలని ఆ క్షణమును చదివి పట్టుకొనవలసియున్నది.