బిడ్డకు విరేచనములు పట్టినపుడు ఇల్లాలి పరిచర్య

చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి యా నాలుగు. వీనిలో నేదియొకటి కుంటువడినను చికిత్స నడువజాలదు. పరిచారకునకు నాలుగు గుణములు వలయునని కూడ నా గ్రంథమే నిర్దేశించినది. ఉపచారము నెఱిగియుండుట, దక్షత, అనురాగము, శౌచము. వైద్యుడు వచ్చి చూచి పోవును. రేయింబవళ్ళు రోగికడ నుండునది ఇల్లాలే. కావున మన యిండ్లలో నీ పాదము మన పాలిది. మేము వైద్యవృత్తిలోనివారము కాము. అయినను ప్రతి యింటను పసిపిల్లలకు వచ్చు నీళ్ళవిరేచనముల విషయమున, పై నాలుగు గుణములు నెట్లు వినియోగపడునో సోదరీమణులకు తెలుపదలచితిమి.

ఈ వ్యాధినే యెన్నుకొనుటకు కారణమున్నది. ప్రపంచమున అయిదేండ్లలోపు బిడ్డల ప్రాణములను హరించు ముఖ్యవ్యాధులలో నతిసార మొకటి. దీనికి మందు దుర్లభము కాదు, ఖరీదైనదియు కాదు. అయినను బిడ్డలు పోవుచున్నారు. ఏలన, విరేచనమును నిలుపుటకే మనవారు తొందరపడుదురు గాని, విరేచనముతో పోవుచున్న నీటిని లెక్కింపరు. బిడ్డను చంపునది సాధారణముగా విరేచనము కాదు. దానితో శరీరమునుండి వెడలిపోవు నీరును, లవణములును. పెద్దవారి దేహమున నీటినిలువ యెక్కువ. పసివాని దేహము చిన్న చెంబువంటిది, శీఘ్రముగా వట్టిపోవును. పోయినదానిని పోయినట్లే తిరిగి పోయుట యీ వ్యాధికి ప్రధానచికిత్స.

ఉపచారజ్ఞానము

ముందుగా చూచుట నేర్వవలెను. దినమునకు మూడుమార్లు గాని అంతకు మించి గాని నీళ్ళుగా విరేచనమైనచో దాని నతిసారమనవచ్చును. తల్లిపాలు మాత్రమే త్రాగు పసికందు పలుమార్లు మెత్తగా దొడ్డికి పోవుట వ్యాధి కాదు.

విరేచనములు ఎన్నియైనవని లెక్కించుట మంచిదే కాని, అంతకన్న ముఖ్యముగా చూడవలసినవి నాలుగు కలవు: బిడ్డ తెలివి, కన్నులు, దాహము, చర్మము. చర్మమును పరీక్షించు విధమిది. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, బొడ్డునకును ప్రక్కడొక్కకును నడుమ పొట్టమీది చర్మమును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను మెల్లగా నిలువుగా పట్టి యెత్తి విడువవలెను.

బిడ్డ యెప్పటివలె ఆడుకొనుచు, కన్నులు మామూలుగా నుండి, నీరు మామూలుగా త్రాగుచు, విడిచిన చర్మము తక్షణమే సర్దుకొన్నచో నీరు తగ్గలేదని యర్థము. ఇంటనే పరిచర్య చేయవచ్చును.

బిడ్డ నిలుకడలేక చిరచిరలాడుచు, కన్నులు లోతునకు పోయి, గిన్నె చూపగానే ఆత్రముగా త్రాగుచు, చర్మము మెల్లగా సర్దుకొనుచుండుట రెండవ స్థితి. వీనిలో రెండు గుర్తులు కానవచ్చినను కొంత నీరు తగ్గినదని గ్రహించి, త్రాగించుచునే ఆరోగ్యకేంద్రమునకు తీసికొని పోవలెను.

బిడ్డ మత్తుగా పడియుండుట, లేపినను లేవకుండుట, కన్నులు గుంటలుపడుట, త్రాగలేకపోవుట, చర్మము సర్దుకొనుటకు రెండు సెకండ్లు గాని యెక్కువగాని పట్టుట మూడవ స్థితి. వీనిలో రెండు గుర్తులున్నచో నొక్క క్షణము నిలువరాదు. అట్టి బిడ్డకు నరములోనికి సెలైను ఎక్కింపవలసియుండును. త్రాగగలిగినంతవరకు దారిపొడుగునను చెంచాతో పోయుచునే పోవలెను.

ఇవిగాక మన పెద్దలెరిగిన గుర్తులును కలవు. ఏడ్చినను కన్నీరు రాకుండుట, నోరెండుట, చాలసేపు మూత్రము పోయకుండుట, పసికందునకు నడినెత్తిమీది మాడు లోతుపడుట. ఇవన్నియు నీరు తగ్గుటను సూచించును. అయితే ఒక హెచ్చరిక. మిక్కిలి చిక్కిపోయిన బిడ్డకును, వృద్ధులకును చర్మము సహజముగానే మెల్లగా సర్దుకొనును. వారియెడ నా యొక్క గుర్తునే నమ్మరాదు.

దక్షత

ఇక పోయుటను గూర్చి. ఉప్పును చక్కెరయు కలిపిన నీరు ప్రాణము నిలుపుట యెట్లు? మన చిన్నప్రేగుల గోడలలో నొక ద్వారమున్నది. ఉప్పులోని సోడియమును, గ్లూకోజు అను చక్కెరయు జంటగా వచ్చినచో ఆ ద్వారము రెండింటిని లోనికి చేర్చుకొనును. వాని వెంట నీరును పోవును. ఈ జంటప్రయాణమును 1960లో రాబర్టు క్రేను అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. కలరావంటి ఘోరవ్యాధిలో సైతము ఈ ద్వారము మూతపడదు. వట్టి నీరు నిలువనిచోట ఉప్పు చక్కెర తగుపాళ్ళలో కలిసిన నీరు నిలుచుట కిదియే కారణము.

ఇది మొదట పెద్దయెత్తున ఋజువైనది మన దేశముననే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది శరణార్థులు పశ్చిమబెంగాలునకు రాగా, వనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగెను. సెలైను సీసాలు చాలకపోయెను. అచ్చటి వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూచి కలిపించి, ఆ నీటిని పీపాలలో నింపించి, గిన్నెలతో త్రాగింపుడని రోగుల బంధువులకే యొప్పగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు మరణించుచుండగా, ఈ పద్ధతివలన మరణములు నూటికి నాలుగుకన్న తక్కువకు దిగినవి. 2022లో కీర్తిశేషుడైన ఆయనకు 2023లో పద్మవిభూషణ మొసగబడెను. ఆ శిబిరమున గిన్నె పట్టి ప్రాణములు నిలిపినవారు పట్టాలు పొందిన వైద్యులు కారు, తల్లులును, తోడబుట్టినవారును. ఈ సంగతి మన సోదరీమణులు మరువరానిది.

నేడు అంగళ్ళలో దొరకు ఓఆర్ఎస్ పొట్లము ఆ మందుయొక్క సంస్కరించిన రూపము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన పాళ్ళ ప్రకారము, ఒక లీటరు నీటికి సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. ఈ పాళ్ళు తప్పినచో మందు మందు కాకపోవును. నీరు తక్కువైనచో రక్తమున ఉప్పు హెచ్చి బిడ్డకు ప్రమాదము. చక్కెర హెచ్చైనచో అది నీటిని ప్రేగులలోనికి లాగి విరేచనములను మరింత చేయును.

కలుపు విధము: పొట్లము ఎంత నీటికని దానిమీద వ్రాసియున్నదో చదివి, అంత నీటిని కొలిచి తీసికొనవలెను. లీటరు పొట్లమునకు ఖాళీ లీటరు సీసా మంచి కొలత. కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతయు నొక్కమారే వేయవలెను. సగము నేడు, సగము రేపు అనరాదు. కలిపినపిదప కాచరాదు; చక్కెర, పాలు, పండ్లరసము చేర్చరాదు. మూతవేసి యుంచి, 24 గంటలు గడచినచో పారబోసి క్రొత్తది కలుపవలెను. పొట్లము దొరకనిచోట, లీటరు నీటికి చిన్నచెంచాతో తలకొట్టిన కొలతను ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి అప్పటికి గడుపుకొనవచ్చును. రుచి చూచినచో కన్నీటికన్న ఉప్పగా నుండరాదు.

పోయవలసిన మోతాదు: రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 మొదలు 100 మిల్లీలీటర్లు, రెండేండ్లు దాటి పదేండ్లలోపు పిల్లలకు 100 మొదలు 200, అంతకు పెద్దవారికి కోరినంత. రెండవ స్థితికి వచ్చిన బిడ్డకు ఆరోగ్యకేంద్రమున నాలుగు గంటలలో కిలో బరువునకు 75 మిల్లీలీటర్ల వంతున పోయుదురు. అనగా 8 కిలోల బిడ్డకు 600. పసివానికి ఉగ్గుగిన్నెతోగాని చెంచాతోగాని, ఒకటి రెండు నిమిషముల కొక చెంచా వంతున పోయవలెను. గటగట త్రాగించినచో వాంతి యగును. వాంతియైనచో పది నిమిషములు తాళి, మరింత మెల్లగా మరల ప్రారంభింపవలెను. ఇది గంటలకొలది పని. ఓర్పే ఇందలి దక్షత.

దీనితోపాటు జింకు మాత్ర నీయవలెను. రెండు నెలలు మొదలు ఆరు నెలలవరకు దినమునకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటినచో 20 మిల్లీగ్రాములు. మాత్రను చెంచాలో తల్లిపాలతోగాని శుభ్రమైన నీటితోగాని కరగించి యియ్యవచ్చును. విరేచనములు కట్టినను 14 దినములు పూర్తిగా ఇయ్యవలెను. వ్యాధి త్వరగా తగ్గుటకును, తరువాత కొన్ని నెలలు మరల రాకుండుటకును ఇది తోడ్పడును.

అంగడిలో మరియొక మోసమున్నది. పండ్లరసపు పెట్టెలమీద ఓఆర్ఎస్ అను అక్షరములు అచ్చువేసి అమ్ముచుండిరి. చక్కెర నిండిన ఆ పానీయములను మందని తలచి తల్లులు బిడ్డలకు పోయుచుండిరి. హైదరాబాదునందలి యొక శిశువైద్యురాలు పెక్కేండ్లు పోరాడగా, పై పాళ్ళకు సరిపోని పానీయములకు ఆ పేరు పెట్టరాదని 2025 అక్టోబరులో భారత ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ ఉత్తరువు చేసినది. అయినను పేరు చూచి కాక, పాళ్ళు చదివి కొనుటయే క్షేమము.

అనురాగము

లంఖణము పరమౌషధమను సామెత మన యిండ్లలో బలముగా పాతుకొన్నది. పెద్దవారి అజీర్ణమున కది తగునేమో గాని, విరేచనములు పట్టిన పసివాని కది శత్రువు. నీరు మాన్పినచో దేహమెండును. అన్నము మాన్పినచో బలము క్షీణించి తరువాతి రోగమునకు త్రోవయగును. తల్లిపాలు మాన్పనేకూడదు, మునుపటికన్న తఱచుగా నియ్యవలెను. అన్నము తిను బిడ్డకు మెత్తని అన్నము, పెసరపప్పు, పెరుగు, మగ్గిన అరటిపండు కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టవచ్చును. తగ్గినపిదప రెండువారములు దినమున కొకపూట అధికముగా పెట్టినచో పోయిన కండ తిరిగివచ్చును.

పండ్లు వచ్చుచున్నవి, అందుచే విరేచనములు సహజమేయని కొందరు పెద్దలు ఉపేక్షింతురు. పండ్లు వచ్చు ప్రాయముననే బిడ్డ ప్రాకుచు కనబడినదెల్ల నోట పెట్టుకొనును. మురికి లోనికి పోవుట యసలు కారణము. దిష్టి తీయుటవలన నష్టము లేదు. దిష్టి తీసితిమిగదాయని నీరు పోయకుండుటవలన నష్టము కలదు. చిన్నకోడలికి ఈ మాటలు అత్తగారియెదుట చెప్పుట కష్టమని మే మెఱుగుదుము. "అత్తయ్యగారూ, మీరు దిష్టి తీయుడు, నే నీలోగా ఈ నీరు చెంచాతో పోయుదును" అన్నచో మర్యాదయు నిలుచును, బిడ్డయు నిలుచును.

అనురాగముతో చేయు మరియొక తప్పు, తెలిసినవారిచ్చిన మాత్రలు వేయుట. విరేచనమును బిగబట్టు మాత్రలు పసిపిల్లల కపాయకరము. సాధారణమైన నీళ్ళవిరేచనములకు సూక్ష్మజీవులను చంపు మందులక్కరలేదు. రక్తము కనబడినచో సంగతి వేరు. అప్పుడు వైద్యుడు చూచి నిర్ణయింపవలెను.

శౌచము

ఈ వ్యాధి సాధారణముగా మలమునుండి చేతికి, చేతినుండి నోటికి వచ్చును. బిడ్డ దొడ్డి కడిగినపిదపను, వంటకు ముందును, అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో చేతులు కడుగవలెను. పసివాని మలము హానిలేనిదని వాకిట పారవేయువారున్నారు. అదియు పెద్దవారి మలమువలెనే వ్యాధికరము. దానిని మరుగుదొడ్డిలోనే వేయవలెను. త్రాగునీటి కుండకు మూతయు, ముంచుటకు కాడగల గరిటయు నుండవలెను.

పసిపిల్లల విరేచనములకు ముఖ్యకారణమైన రోటావైరసునకు టీకా కలదు. మన దేశమున దీనిని ప్రభుత్వటీకాలలో చేర్చుట 2016లో నాలుగు రాష్ట్రములతో ప్రారంభమైనది, ఆంధ్రప్రదేశ్ అందొకటి. ఇందుకు మొదట వాడిన టీకా హైదరాబాదులో తయారైనదే. బిడ్డకు 6, 10, 14 వారముల ప్రాయమున నోటిలో చుక్కలుగా వేయుదురు, సూదిపోటు లేదు. తేదీ మరువక వేయింపవలెను.

వైద్యునికడకు పోవలసిన సమయములను మరల చెప్పుచున్నాము. రెండు నెలలలోపు పసికందునకు విరేచనములు పట్టినను, రక్తము పడినను, త్రాగినదెల్ల వాంతియైనను, జ్వరము తీవ్రమైనను, మూర్ఛ వచ్చినను, ఆరు గంటలు మూత్రము లేకున్నను, బిడ్డ మత్తుగా నున్నను, మూడు దినములలో నెమ్మదింపకున్నను ఆలస్యము చేయరాదు. ఇంటిలో గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు, మధుమేహము గల పెద్దలకు విరేచనములైనచో, నీరెంత పోయవలెనో వైద్యునడిగి పోయుట మంచిది.

ఆశా కార్యకర్తకడను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను ఈ పొట్లములును జింకుమాత్రలును ఉచితముగా నిత్తురు. రెండు పొట్లములు ముందే తెచ్చి, ఒక చెంచాతోను లీటరు సీసాతోను కూడ నింట నొక చోట నుంచుకొనుడు. అర్ధరాత్రి బిడ్డకు రోగము పట్టినపుడు అంగడి తెఱచియుండదు. తల్లి చేయి మాత్రము సిద్ధముగా నుండవలెను.