నడివయసులో మొదలగు ఆయాసము – కారణములు

"చిన్ననాడు లేని ఉబ్బసము నలువది యేండ్లకు వచ్చునా?" అని పలువురు రైతులు అడుగుచుందురు. తప్పక రావచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో మన సేద్యపు పనులే కొన్ని దానికి కారణములు కాగలవు. ఆయాసము ఎప్పుడు, ఏ పని పిదప వచ్చుచున్నదో గమనించినచో కారణము చాలవరకు తెలియును.

పత్తి: పత్తిలోని ఆకుల పొడి, దానిపై నుండు సూక్ష్మజీవుల విషము ఊపిరితిత్తులకు హాని చేయును. జిన్నింగు మిల్లులో పనిచేయువారికి సెలవు తరువాత మొదటి దినమున ఛాతీ పట్టివేసినట్లుండుట దీని గుర్తు. తొలిదశలో పని మానినచో తగ్గును. ఏండ్ల తరబడి ఉపేక్షించినచో శాశ్వతముగా నిలిచిపోవును. ఇంటిలో పత్తి నిలువచేసిన గదిలో పరుండరాదు.

బూజు: తడి ఆరని వరిగడ్డిని వామి వేసినను, పచ్చి వేరుశనగకాయను కుప్పపోసినను బూజు పట్టును. ఆ పొడిని పీల్చిన నాలుగు మొదలు ఎనిమిది గంటలకు కొందరికి చలి, జ్వరము, దగ్గు, ఆయాసము కలుగును. దీనిని మలేరియా యని పొరబడుట కలదు. కాయను ఊపినపుడు గింజ గలగలలాడు వరకు ఎండబెట్టి నిలువచేయవలెను. నూర్పిడి యంత్రమునకు గాలివాటున నిలువరాదు.

వయ్యారిభామ: 1950 దశకములో పుణె ప్రాంతమున కనిపించిన ఈ కలుపు నేడు మన గట్లపై దట్టముగా పెరుగుచున్నది. దీని పుప్పొడి తుమ్ములు, ఉబ్బసము కలిగించును. పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసికొని, వేళ్లతో పెరికివేయవలెను.

పొగ: పత్తికట్టె, పిడకలు కాల్చు పొయ్యి ముందు ఏండ్ల తరబడి కూర్చుండు స్త్రీలకు, బీడీ ముట్టకున్నను, ఊపిరితిత్తులు చెడును. బీడీ, చుట్ట త్రాగువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పురుగుమందు: పిచికారి చేయుచుండగా ఆయాసముతో పాటు చెమటలు, నోట చొంగ, చూపు మసకబారుట కలిగినచో అది విషప్రభావము. వెంటనే తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, 108 వాహనమును పిలువవలెను. మందు డబ్బాను వెంట తీసికొని పోవలెను.

తలగుడ్డ చుట్టుకొనిన ముతక దుమ్ము కొంత ఆగునే గాని సన్నని పొడి ఆగదు. దుమ్ము పనులకు ఎన్‌-95 మాస్కు మేలు. మందు ఆవిరిని మాత్రము అదియు ఆపలేదు.

అయినను ప్రతి ఆయాసమును దుమ్ము మీదికి నెట్టరాదు. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట యున్నచో క్షయ కావచ్చును. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫపరీక్ష ఉచితము. పాదములు వాచి, పరుండినపుడు ఊపిరాడకున్నచో గుండెను చూపించుకొనవలెను. వైద్యుడు ఉబ్బసమునకు పీల్చు మందు నిచ్చినచో, అలవాటగునను భయముతో మానరాదు.

వైద్యునికి వయసుతో పాటు మీరు చేయు పనిని కూడ చెప్పుడు. గ్రామాధికారులు నూర్పిళ్లకు, పత్తితీతకు ముందే పంచాయతీలో ఈ సంగతులు చదివి వినిపించిన ఎంతయో మేలు. పైరు చెడిన మరు కారు కలదు. చెడిన ఊపిరితిత్తి తిరిగి మొలవదు.